గోడకు బిగించే వాష్‌బేసిన్: బరువు మోసేది గోడయే

షోళింగనల్లూరులో పాత మహాబలిపురం రహదారి వెంట వెలసిన అనేక అపార్టుమెంట్లలో లోపలి గోడలు తేలికపాటి సిమెంటు దిమ్మెలతో కట్టినవి. ఇటువంటి గోడకు మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూ చాలవు. ఎవరైనా బేసిన్‌పై చేతులానించి వాలిన ప్రతిసారీ రంధ్రం కొద్దికొద్దిగా వదులై, ఒకనాడు బేసిన్ ఊడిపడవచ్చు. పగిలిన పింగాణీ కత్తివలె కోస్తుంది; ఎదుట నిలిచినది చిన్నపిల్లలైతే ప్రమాదం మరింత తీవ్రం. కనుక బ్రాకెట్లు వచ్చే చోట గోడను తొలిచి, కాంక్రీటు నింపి, వారం రోజులు తడిపిన పిమ్మటనే బోల్టులు వేయించాలి. పనివారు తొందరపెట్టినా ఇంటివారు ఒప్పుకొనరాదు. బేసిన్ కింద అమర్చే సగం పెడస్టల్ గొట్టాన్ని దాచడానికే గాని బరువు మోయడానికి కాదు. గోడకూ బేసిన్‌కూ నడుమ పూసిన తెల్లసిమెంటు చీలినట్లు కనిపిస్తే, వాడకం ఆపి ప్లంబరును పిలిపించాలి.