అక్వేరియం నత్తలు... కొనండి, ఏరకండి!

జెడ్డాలో ఇంట్లో పగడాల అక్వేరియం పెట్టుకున్న మనవాళ్లకు మొదట ఎదురయ్యే తలనొప్పి నాచు. దాన్ని తినే నత్తల్ని గ్యాలన్‌కొకటి చొప్పున వేయాలంటారు. అన్నెందుకు? కొత్త ట్యాంకులో అంత నాచు ఉండదు. తిండిలేక చచ్చిన నత్త కుళ్లి నీళ్లు పాడవుతాయి. మూడు నాలుగుతో మొదలుపెడితే చాలు.

అద్దం మీది నాచుకైతే నా ఓటు ట్రోకస్ నత్తకే. బోర్లాపడినా తనే లేస్తుంది. చేపలు వదిలేసిన మేతను ఇసుకలోని నసారియస్ నత్తలు చూసుకుంటాయి. మార్గరీటా రకం వద్దు. చల్లటి సముద్రాలది, 26 డిగ్రీల నీటిలో ఎక్కువకాలం బతకదు. హెర్మిట్ పీతలు పనిమంతులే కానీ గుల్ల కోసం నత్తల్నే చంపుతాయి. నాలుగు ఖాళీ గుల్లలు వేసి ఉంచాలి. చేపలకు రాగి మందు వాడే ట్యాంకులో వీటిలో ఏదీ బతకదు.

'ఎదురుగా ఎర్రసముద్రం ఉండగా కొనడమెందుకు?' అని కొందరు పిల్లలతో వెళ్లి ఏరుకొస్తుంటారు. ఆ నీటిలో లీటరుకు సుమారు 40 గ్రాముల ఉప్పు, మన ట్యాంకులో 35. ఆ తేడా ఒక్కసారిగా తగిలితే నత్త తట్టుకోలేదు. అంతకంటే భయం కోన్ నత్తలతో. శంకువు ఆకారం, ముచ్చటైన గీతలు, లోపల విషపు ముల్లు. జియోగ్రఫీ కోన్ కుట్టి మనుషులు చనిపోయారు. విరుగుడు మందు లేదు. గుల్ల ఖాళీగా కనిపించినా పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.