జాతీయ రిజిస్టరులో లారీ యజమాని

న్యూఢిల్లీ: 2019 జూలైలో మోటారు వాహనాల సవరణ బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు సభలలోను, పత్రికలలోను చర్చ దాదాపు అంతా జరిమానాల చుట్టూనే తిరిగింది. తాగి బండి నడిపితే ఎంత, హెల్మెట్ లేకపోతే ఎంత అన్న లెక్కలు మొదటి పేజీలకు ఎక్కాయి. జూలై 23న లోక్‌సభ, 31న రాజ్యసభ ఆమోదించిన ఆ బిల్లు, ఎగువ సభ చేసిన స్వల్ప సవరణల కారణంగా ఆగస్టు 5న మరల దిగువ సభకు వచ్చింది. ఆనాడు దేశం దృష్టి యావత్తూ కాశ్మీరు మీద ఉన్నది. లారీల గొడవ ఎవరికి పట్టింది?

ఆ చట్టంలో అంతగా ప్రస్తావనకు రాని నిబంధన ఒకటి ఉన్నది. అది 62-బి సెక్షను. దేశంలోని మోటారు వాహనాలన్నింటికీ కేంద్ర ప్రభుత్వం ఒకే జాతీయ రిజిస్టరును నిర్వహించాలని, రాష్ట్రాల రిజిస్టర్లు అందులో లీనం కావాలని ఆ సెక్షను చెబుతున్నది. జాతీయ రిజిస్టరు ఇచ్చే విశిష్ట సంఖ్య లేనిదే ఏ రిజిస్ట్రేషన్ పత్రమూ చెల్లదని కూడా అందులోనే ఉన్నది. జరిమానా పడినవాడు డబ్బు కట్టి బయటపడతాడు. రిజిస్టరులో తన బండి వివరాలు తప్పుగా ఉన్నవాడు ఎక్కడికి వెళ్లి బయటపడాలి? ఈ ప్రశ్నకు చట్టంలో సూటి అయిన సమాధానం లేదు. లారీలు నడుపుకొని బ్రతికేవారికి జరిమానాల పట్టిక కంటె ఈ ప్రశ్నే ముఖ్యమైనది.

ఈ బిల్లు పూర్వ రూపాన్ని లోక్‌సభ 2017 ఏప్రిల్‌లోనే ఆమోదించింది. రాజ్యసభ దానిని సెలెక్టు కమిటీకి పంపింది. చివరకు 16వ లోక్‌సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. ఆ మధ్యకాలంలో తమిళనాడు వంటి రాష్ట్రాలు తమ హక్కులకు భంగం కలుగుతున్నదని గట్టిగానే అభ్యంతరం తెలిపాయి. అందులో న్యాయం లేకపోలేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో యంత్రశక్తితో నడిచే వాహనాలు ఉమ్మడి జాబితాలో 35వ అంశం. వాహనాల మీద పన్నులు రాష్ట్ర జాబితాలో 57వ అంశం. రిజిస్టరు కేంద్రానిది, దానిని నింపే కార్యాలయం రాష్ట్రానిది, పన్ను రాష్ట్రానిది, పర్మిటు ఇద్దరిది. ఇంతమంది యజమానులున్న పుస్తకంలో తప్పు దొర్లితే బాధ్యత ఎవరిదని అడిగితే తిలాపాపం తలా పిడికెడు.

లెడ్జరు నుండి యంత్రానికి

ఇప్పటి నంబరు పద్ధతి, అనగా రాష్ట్రానికి రెండక్షరాలు, జిల్లాకు రెండంకెలు, 1988 నాటి మోటారు వాహనాల చట్టంతో వచ్చింది. 1989 జూలై 1న ఆ చట్టం అమలులోకి వచ్చి 1939 నాటి పాత చట్టం స్థానాన్ని ఆక్రమించింది. అప్పటికి రవాణా కార్యాలయాలలో రిజిస్టరు అంటే అట్టకట్టిన పెద్ద లెడ్జరు. లారీవారు 'సి-బుక్కు' అని పిలిచే పుస్తకంలో గుమాస్తా తన చేతివ్రాతతో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, యజమాని పేరు, తండ్రి పేరు వ్రాసి ఇచ్చేవాడు.

తరువాత జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం వారు 'వాహన్' అనే కంప్యూటరు ఏర్పాటును రూపొందించారు. మొదట ఏ కార్యాలయం లెక్క ఆ కార్యాలయం యంత్రంలో ఉండేది. వాహన్ నాలుగవ రూపం వచ్చేసరికి అంతా ఒకేచోటకు చేరే పద్ధతి ఏర్పడింది. అన్ని రాష్ట్రాలూ ఒకేసారి ఇందులో చేరలేదు. ఆంధ్రప్రదేశ్ సొంత ఏర్పాటు నుండి తరువాతి కాలంలో వాహన్‌కు మారింది. తెలంగాణ చాలాకాలం తన వ్యవస్థనే నడుపుకొన్నది. వాహన్ లెక్కల పట్టికలలో ఏళ్ల తరబడి తెలంగాణ బండ్లు కనిపించేవి కావు.

పాత లెడ్జర్లను చూచి కంప్యూటరుకు ఎక్కించినవారు మనుషులే. చెదలు తిన్న పుటలు, చెరిగిన సిరా, ఒకే పేరును మూడు విధాలుగా వ్రాసిన గుమాస్తాలు వారికి ఎదురయ్యారు. నేటి వాహనాలకు ఛాసిస్ నంబరులో 17 స్థానాలుంటాయి. సున్నతోను, ఒకటితోను పొరబడకుండా ఉండేందుకు ఇంగ్లీషు అక్షరాలలో ఐ, ఓ, క్యూలను అందులో వాడరు. పాత బండ్ల నంబర్లకు ఇట్టి కట్టుబాటు లేదు. ఇంజను నంబర్లకు ఇప్పటికీ లేదు. గుమాస్తా సున్న చుట్టిన చోట కంప్యూటరు ముందు కూర్చున్నవాడు 'ఓ' కొట్టి ఉంటే, ఆ లారీ కాగితం మీద మరొక లారీ అయిపోయినట్లే.

నాలుగు లారీల లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయనకు నాలుగు లారీలున్నాయనుకొందాం. మన దేశంలో సరుకు రవాణా అత్యధిక భాగం ఇట్టి చిన్న యజమానుల చేతిలోనే ఉన్నది. ఆయన తన దస్తావేజులను కొత్త రిజిస్టరుకు సరిపడేటట్లు సర్దుకోవాలంటే ఏమేమి చేయాలో చూడండి.

మొదటి లారీ అప్పుమీద కొన్నది. వాయిదాలన్నీ తీరాయి. కాని ఫైనాన్సు కంపెనీ సంతకంతో 35వ నంబరు ఫారం దాఖలు కానిదే రిజిస్టరులో ఆ అప్పు చెరగదు. కంపెనీ మూతపడినా, మరొక కంపెనీలో కలిసిపోయినా ఆ సంతకం కోసం ఊరూరా తిరగాలి.

రెండవది నామక్కల్ నుండి తెచ్చిన పాత బండి. అక్కడి కార్యాలయం ఇచ్చిన నిరభ్యంతర పత్రం, అంటే 28వ నంబరు ఫారం, చేతిలో ఉన్నది. కాని అక్కడి పాత లెక్క కంప్యూటరుకు ఎక్కి ఉండకపోతే ఇక్కడి కార్యాలయానికి ఆ బండి కనిపించదు. 'ముందు అక్కడ ఎక్కించుకొని రండి' అంటారు. లారీ ఇక్కడ, లెడ్జరు అక్కడ.

మూడవది తండ్రి పేరున ఉన్నది. తండ్రి పోయి ఏళ్లయింది. యజమాని మరణించిన 30 రోజులలో తెలియజేయాలి, మూడు నెలలలో 31వ నంబరు ఫారంతో పేరు మార్చుకోవాలి అని నిబంధన. ఇంటి పెద్ద పోయిన దుఃఖంలో ఈ గడువులు ఎందరికి గుర్తుంటాయి? వారసుల మధ్య పంపకం తేలనిదే ఎవరు సంతకం పెడతారు?

నాలుగవ దానిది హైదరాబాదు ఖైరతాబాదు కార్యాలయం ఇచ్చిన ఏపీ 09 నంబరు. 2014 జూన్ 2కు ముందు అది ఒకే రాష్ట్రంలోని రెండూళ్ల వ్యవహారం. తరువాత కార్యాలయం ఒక రాష్ట్రంలో, యజమాని మరొక రాష్ట్రంలో. తెలంగాణ తన వాహనాలకు మొదట టీఎస్ అని, 2024 మార్చి నుండి టీజీ అని అక్షరాలు పెట్టుకొన్నది. పాత ఏపీ అక్షరాలతోనే తిరిగే బండ్లు రెండు వైపులా ఉన్నాయి. ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షను. రాష్ట్రం విడిపోయినందున యజమాని నెత్తిన పడిన పని ఇది; ఆయన బండిని కదిలించినందువల్ల వచ్చినది కాదు.

ఇవి చాలవన్నట్లు, అమ్మకాలలో ఒక పాత అలవాటు ఉన్నది. 29, 30 నంబర్ల ఫారాల మీద అమ్మినవాడు సంతకాలు పెట్టి, తేదీ వేయకుండా ఇచ్చివేస్తాడు. బండి రెండు మూడు చేతులు మారుతుంది, రిజిస్టరులో మొదటి పేరే నిలుస్తుంది. అమ్మిన సంగతిని అదే రాష్ట్రమైతే 14 రోజులలో, వేరే రాష్ట్రమైతే 45 రోజులలో తెలపాలి. కొన్నవాడు 30 రోజులలో తెలపాలి. ఇది చిన్న నేరం కాదు. బండి చేతులు మారినా రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో వారే యజమాని అని, ప్రమాద పరిహారం భారం వారిదే అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అమ్ముకొని హాయిగా ఉన్నవాడి ఇంటికి ఎక్కడో జరిగిన ప్రమాదపు నోటీసు వచ్చే అవకాశం అందువల్లనే ఉన్నది.

ఒక్క అక్షరం ఖరీదు

పూర్వం ఇట్టి తేడాలతో బండి ఆగేది కాదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి ఛాసిస్ మీద పెన్సిలు రుద్ది తీసిన ప్రింటు చూచి, పుస్తకంలో ఉన్న అంకెతో పోల్చి, కంటికి కనిపించే పొరపాటును తన వివేకంతో సరిపుచ్చుకొనేవాడు. ఆ వివేకానికి కొన్నిచోట్ల ధర కూడా ఉండేదన్న సంగతి అందరికీ తెలిసిందే. యంత్రం లంచం అడగదు, నిజమే. అయితే దానికి సందర్భం కూడా తెలియదు.

ఈనాడు రిజిస్టరు మిగిలిన వాటన్నిటికీ మూలం అయింది. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటేటా ఫిట్‌నెస్ కావాలి. దానికి రిజిస్టరు సరిగా ఉండాలి. బీమా, కాలుష్య పత్రం, జాతీయ పర్మిటు అన్నీ దానినే చూస్తాయి. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారుల టోలుగేట్ల వద్ద తప్పనిసరి అయిన ఫాస్టాగ్ కూడా ఆ వివరాలతో సరిపోవాలి. అన్నిటికంటె ముఖ్యం ఈ-వే బిల్లు. 2018 ఏప్రిల్ 1 నుండి 50 వేల రూపాయల విలువ మించిన సరుకు రాష్ట్రం దాటాలంటే అది ఉండాలి. ఆ నెల 15 నుండి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రాష్ట్రం లోపలి రవాణాకు కూడా వచ్చింది. అందులో వ్రాసే లారీ నంబరును వాహన్‌తో పోల్చిచూచే ఏర్పాటు తరువాత చేశారు. నంబరు అక్కడ లేకపోతే బిల్లు పుట్టదు, బిల్లు లేకపోతే లోడు ఎక్కదు. లారీ నిలిచిన ప్రతి రోజూ వాయిదా మాత్రం నిలువదు. డ్రైవరు, క్లీనరు ఆకలి నిలువదు.

మరొక చిక్కు సెల్‌ఫోను నంబరుది. రిజిస్ట్రేషను పని ఏజెంటు ద్వారా చేయించుకొన్న చాలమంది బండ్లకు రిజిస్టరులో ఉన్నది ఏజెంటు ఫోను నంబరే. చలానా సమాచారం, దరఖాస్తుకు కావలసిన రహస్య సంఖ్య అన్నీ ఆయనకు పోతాయి. యజమాని తన బండి లెక్క తాను చూచుకోవడానికి మరల ఆయన గుమ్మం తొక్కాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత కంప్యూటరు కాలంలో కూడా పాతబడలేదు.

పెద్ద కంపెనీలకు ఈ బాధ అంతగా లేదు. వారికి గుమాస్తాలున్నారు, న్యాయవాదులున్నారు, బండ్లు పాతబడక ముందే మార్చుకొనే స్తోమత ఉన్నది. చిన్న యజమానికి ఆఫీసు అంటే సీటు వెనుక ఉన్న రేకు పెట్టె. రిజిస్టరు అందరికీ ఒకటే అయినా దానికి సిద్ధమయ్యే ఖర్చు అందరికీ ఒకటి కాదు.

ఎవరి సొత్తు?

ఈ రిజిస్టరుకు విలువ ఉన్నదని ప్రభుత్వం ఏనాడో గ్రహించింది. 2019 మార్చిలో రవాణా మంత్రిత్వశాఖ వాహనాల వివరాలను మొత్తంగా ప్రైవేటు సంస్థలకు ఇచ్చే విధానాన్ని ప్రకటించింది. ఏడాదికి రుసుము 3 కోట్ల రూపాయలు. అదే ఏడు జూలైలో మంత్రి నితిన్ గడ్కరీ రాజ్యసభకు ఇచ్చిన సమాధానం ప్రకారం 87 ప్రైవేటు సంస్థలకు, 32 ప్రభుత్వ సంస్థలకు ఆ వివరాలు అందుబాటులో ఉన్నాయి. ప్రభుత్వానికి వచ్చిన ఆదాయం 65 కోట్ల రూపాయలు. వ్యక్తిగత వివరాల గోప్యతపై ఆందోళన రేగగా 2020 జూన్‌లో ఆ విధానాన్ని ఉపసంహరించుకొన్నారు.

విధానం పోయింది కాని అది లేవనెత్తిన ప్రశ్న పోలేదు. తన పేరు, తన బండి నంబరు అమ్ముడుపోయినందుకు లారీ యజమానికి ఒక్క పైసా రాలేదు. అదే రిజిస్టరులో గుమాస్తా చేసిన తప్పును దిద్దుకోవడానికి మాత్రం రుసుము, ఏజెంటు కూలి, పోయిన రోజుల కిరాయి ఆయనే భరిస్తున్నాడు.

జాతీయ రిజిస్టరు అక్కరలేదని ఎవరూ అనరు. దొంగిలించిన లారీకి వేరే రాష్ట్రంలో కొత్త నంబరు వేయించే ముఠాలకు, ఒకే నంబరుతో రెండు బండ్లు తిప్పే ఘనులకు అడ్డుకట్ట పడాలంటే దేశమంతటికీ ఒకే లెక్క ఉండవలసిందే. సరిహద్దు దాటిన ప్రతిసారీ కాగితాల కట్ట విప్పే అవస్థ తగ్గినా లాభపడేది లారీవారే. కాని లెక్క సరిగా ఉండాలన్న బాధ్యత లెక్క వ్రాసేవానిది కూడా కావాలి.

ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. కార్యాలయంలో దొర్లిన తప్పును యజమాని తన పాత పుస్తకం చూపితే రుసుము లేకుండా దిద్దాలి. దిద్దడానికి గడువు పెట్టాలి. ఆ గడువు ముగిసేవరకు బండిని ఆపకూడదు. పాత లెక్క వేరే రాష్ట్రంలో ఉంటే దానిని తెప్పించే పని ఒక కార్యాలయం మరొక కార్యాలయంతో తేల్చుకోవాలి. యజమానిని వందల మైళ్లు తిప్పరాదు. విభజనకు ముందు నాటి బండ్ల విషయంలో రెండు తెలుగు ప్రభుత్వాలూ కూర్చొని ఒక ఒప్పందానికి రావడం అసాధ్యమేమీ కాదు. 2014లో పునర్విభజన చట్టమే పాత పర్మిట్లు కొంతకాలం చెల్లేటట్లు ఏర్పాటు చేసింది. ఆ పాటి దూరదృష్టి రిజిస్టరు విషయంలో కూడా చూపవచ్చు.

ప్రభుత్వం దిగివచ్చేవరకు యజమానులు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ఒక్కొక్క లారీకి ఒక్కొక్క పుట కేటాయించి, బండి మీద చెక్కిన ఛాసిస్, ఇంజను నంబర్లను పెన్సిలు ప్రింటు తీసి పుస్తకంతోను, కంప్యూటరులో కనిపించే వివరాలతోను అక్షరం అక్షరం పోల్చుకోవాలి. పేరు, చిరునామా, ఫోను నంబరు, అప్పు గుర్తు, ఫిట్‌నెస్, పర్మిటు గడువులు అదే పుటలో వ్రాసుకోవాలి. తేడా కనిపిస్తే ఫిట్‌నెస్ గడువు ముంచుకు రాకముందే దరఖాస్తు పెట్టి రసీదు దాచుకోవాలి. ఈ పని లారీ యజమానుల సంఘాలు సామూహికంగా చేపడితే ఏ కార్యాలయంలో ఎన్ని తప్పులున్నాయో లెక్క తేలుతుంది. ఆ లెక్క చేతిలో ఉంటే మన పార్లమెంటు సభ్యులు ప్రశ్నోత్తరాల సమయంలో మంత్రిని సూటిగా నిలదీయవచ్చు. 2019లో సభ జరిమానాల గూర్చి చాలినంత మాట్లాడింది. తప్పుల సవరణ గూర్చి మాట్లాడడం ఇంకా మిగిలి ఉన్నది.