పట్టాలెక్కి వచ్చే భోజనం

హోటలుకు వెళ్ళి బల్ల ముందు కూర్చుంటే ఏం జరుగుతుంది? సర్వరు వస్తాడు. ఏం కావాలో అడుగుతాడు. వంటింట్లోకి వెళ్ళి పళ్ళెంలో పెట్టి తెస్తాడు. అలా కాకుండా, మీరు కోరిన వంటకం మూత బిగించిన గిన్నెలో కూర్చుని, పైకప్పు దగ్గర బయలుదేరి, పట్టాల మీద గిరగిరా తిరుగుతూ దిగి వచ్చి సరిగ్గా మీ బల్ల దగ్గరే ఆగితే? ఇది ఘటోత్కచుని మాయ కాదు. మీరు పాఠ్యపుస్తకంలో చదువుకునే భౌతికశాస్త్రమే!

ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలో ఆల్టన్ టవర్స్ అనే పెద్ద వినోద ఉద్యానవనం ఉంది. ఎత్తుకు ఎక్కి ఒక్కసారిగా కిందికి దూకే రోలర్ కోస్టర్ బండ్లకు అది పేరు పొందింది. ఆ పార్కులో 2016లో ‘రోలర్ కోస్టర్ రెస్టారెంట్’ అనే భోజనశాలను తెరిచారు. బయట మనుషులు పట్టాల మీద పరుగెడితే, లోపల భోజనం పరుగెడుతుందన్నమాట! కుటుంబమంతా బల్ల చుట్టూ కూర్చుని, అక్కడున్న తెర మీద వేలితో తాకి కావలసినవి చెబుతారు. కాసేపటికి గిన్నెలు సుమారు 8 మీటర్ల ఎత్తు నుంచి మెలికలు తిరిగిన పట్టాల మీదుగా దిగివస్తాయి. ఇలాంటి భోజనశాల జర్మనీలోని నూరెంబర్గ్ నగరంలో 2007లోనే వచ్చింది. అదే దేశంలో యూరోపా పార్క్ అనే వినోద ఉద్యానవనంలో కూడా ‘ఫుడ్‌లూప్’ పేరుతో ఇటువంటిది ఏర్పాటు చేశారు.

గిన్నెను నడిపేది ఎవరు?

దిగివచ్చే గిన్నెకు ఇంజను అక్కరలేదు. ‘నీరు పల్లమెరుగు’ అని మన పెద్దలు అంటారు కదా! కాలువలో నీరు పల్లానికి పారేది భూమి ఆకర్షణ వల్లనే. గిన్నెను కిందికి లాగేదీ అదే.

ఎత్తున ఉన్న ప్రతి వస్తువులోనూ స్థితిశక్తి దాగి ఉంటుంది. అది కిందికి వచ్చేకొద్దీ స్థితిశక్తి తగ్గుతుంది, గతిశక్తి పెరుగుతుంది. వంటకంతో కలిపి గిన్నె బరువు 1 కిలో అనుకుందాం. 8 మీటర్ల ఎత్తున దాని స్థితిశక్తి ఎంత? ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణాన్ని, ఎత్తును గుణించాలి. 1 × 9.8 × 8 = 78.4 జౌళ్ళు.

ఈ శక్తి అంతా గతిశక్తిగా మారితే, గిన్నె బల్ల దగ్గరకు వచ్చేసరికి దాని వేగం సెకనుకు 12.5 మీటర్లు ఉంటుంది. అంటే గంటకు 45 కిలోమీటర్లు! రోడ్డు మీద పోయే మోటారు సైకిలు వేగమది. ఆ వేగంతో వేడి పులుసు గిన్నె చిన్నపిల్లలు కూర్చున్న బల్ల మీదికి వస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కాబట్టి ఇక్కడ ఇంజనీరు ముందున్న అసలు సమస్య గిన్నెను పరుగెత్తించడం కాదు, దాని పరుగును అదుపులో పెట్టడం.

మెలికల రహస్యం

తిరుమల కొండ ఘాట్ రోడ్డు చూశారా? కొండ పైనుంచి కిందికి తిన్నగా రోడ్డు వేయలేదు. మలుపులు తిప్పి, దూరం పెంచి, వాలు తగ్గించారు. గిన్నె పట్టాలనూ స్ప్రింగులా చుట్లు చుట్టడానికి కారణం ఇదే. ఎత్తు అంతే, కాని నడవవలసిన దూరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. వాలు తగ్గితే గిన్నెను ముందుకు లాగే బలం తగ్గుతుంది. దారి పొడవునా రాపిడి దానిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ రెండు బలాలూ సమానమైనప్పుడు వేగం పెరగదు, తగ్గదు. ఇక బల్ల దగ్గర పట్టాలను దాదాపు సమతలంగా ఉంచితే గిన్నె మెల్లగా ఆగిపోతుంది.

మలుపు తిరిగేటప్పుడు గిన్నె బయటికి విసిరివేయబడకూడదు కదా! అందుకే మలుపుల్లో పట్టాలను లోపలి వైపుకు వాల్చడం మంచిది. మలుపు తిరిగేటప్పుడు సైకిలు తొక్కేవాడు లోపలికి వంగడమూ ఇలాంటిదే.

తలకిందులైనా పడిపోదేం?

ఈ దారిలో కొన్నిచోట్ల పట్టాలు నిలువుగా సున్నా చుట్టి ఉంటాయి. అక్కడ గిన్నె తలకిందులవుతుంది! నీళ్ళున్న చిన్న బకెట్టును చేత్తో పట్టుకుని వేగంగా గుండ్రంగా తిప్పితే నీళ్ళు ఒలకవని మీలో చాలామందికి తెలుసు. నీరు జడత్వం వల్ల తిన్నగా పోవాలని చూస్తుంది. బకెట్టు అడుగుభాగం దానిని మాటిమాటికీ లోపలికి తోస్తూ గుండ్రంగా తిప్పుతుంది. అందుకే నీరు అడుగుకే అంటిపెట్టుకుని ఉంటుంది. నెమ్మదిగా తిప్పారో, నెత్తిన స్నానమే!

వలయపు వ్యాసార్ధం అరమీటరు అయితే, పై కొసన వేగం సెకనుకు 2.2 మీటర్లకు తగ్గకూడదు. ఇది మనం నెమ్మదిగా పరుగెత్తే వేగమంత. రాపిడిని లెక్కలోకి తీసుకోకపోయినా, ఇందుకోసం వలయం పై అంచుకన్నా కనీసం పావు మీటరు ఎత్తునుంచి గిన్నె బయలుదేరాలి. అయితే ఎప్పుడైనా వేగం తగ్గవచ్చు. అందుకే జాగ్రత్తపరుడైన ఇంజనీరు వేగాన్నే నమ్ముకోడు. గిన్నె పట్టాలు వదలకుండా పట్టు ఉండాలి, మూత గట్టిగా బిగించాలి.

కూర ఇంకా వేడెక్కుతుందా?

రాపిడికి పోయిన శక్తి ఏమైంది? శక్తి నశించదు. అది వేడిగా మారుతుంది. ఇంగ్లండుకే చెందిన జేమ్స్ జౌల్ (1818–1889) ఈ సంగతిని ప్రయోగం చేసి చూపాడు. కిందికి దిగే బరువులతో నీటిలో చిన్న తెడ్లు తిప్పి, నీరు ఎంత వేడెక్కిందో కొలిచాడు. శక్తి ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు.

ఒక కిలో నీటిని ఒక్క సెల్సియస్ డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4,186 జౌళ్ళు కావాలి. మన గిన్నె దగ్గర ఉన్నవి 78 జౌళ్ళే. అంటే ఆ వేడంతా కూరలోకే పోయినా, దాని ఉష్ణోగ్రత డిగ్రీలో యాభయ్యవ వంతు కూడా పెరగదు! కాబట్టి ఎన్ని చుట్లు తిరిగినా చల్లారిన కూర వేడెక్కదు.

ఖర్చు ఎవరు పెట్టారు?

భూమి ఆకర్షణ డబ్బు అడగదు. అయితే ఈ రవాణా అంతా ఉచితమేనా? కాదు. గిన్నె దిగడానికి ముందు దానిని ఎవరో ఒకరు, లేదా ఏదో ఒక యంత్రం, పైకి చేర్చి ఉండాలి. నూరెంబర్గులో వంటగదినే పైకప్పు కింద పెట్టారు. అప్పుడు బియ్యం, కూరగాయలు, నీళ్ళు, వంటవాళ్ళు అందరూ పైకి ఎక్కాలి కదా! కిందికి దిగేటప్పుడు గిన్నె ఖర్చుచేసేది పైకి ఎక్కించినప్పుడు దాచిన శక్తినే. అంతేకాదు, ఖాళీ గిన్నెలు తమంతట తాము పైకి ఎక్కి వెళ్ళలేవు. వాటిని మోసే చేతులు ఎప్పుడూ కావాలి.

ఇంకో విచిత్రం చూడండి. లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి సుమారు 3,14,000 జౌళ్ళు కావాలి. కిలో బరువును 8 మీటర్లు పైకి ఎత్తడానికి కావలసిన శక్తికి ఇది నాలుగు వేల రెట్లు! భోజనంలో అసలు ఖర్చు మోతలో కాదు, పొయ్యి మీద ఉంది. వంట చేసేటప్పుడు గిన్నె మీద మూత పెట్టమని అమ్మ ఎందుకు చెబుతుందో ఇప్పుడు అర్థమైందా?

మీరూ చేసి చూడండి

మొక్కలకు నీళ్ళు పట్టే మెత్తని ప్లాస్టిక్ గొట్టం ముక్కను పెద్దలచేత పొడవునా రెండుగా చీల్పించండి. ఒక సగం తీసుకుని, మధ్యలో 20 సెంటీమీటర్ల ఎత్తున్న నిలువు వలయంగా చుట్టి పుస్తకాలకు ఆనించండి. ఒక కొసను పైకెత్తి పట్టుకుని గోళీని వదలండి. ముందు 20 సెంటీమీటర్ల ఎత్తునుంచి, తరువాత 25, 30, 35 సెంటీమీటర్ల నుంచి వదిలి చూడండి. ఏ ఎత్తునుంచి వదిలినప్పుడు గోళీ వలయాన్ని పూర్తిగా చుట్టివచ్చిందో రాసుకోండి. దొర్లే గోళీకి రాపిడి వల్ల శక్తి ఏమీ పోకపోతే 27 సెంటీమీటర్లు చాలునని లెక్క చెబుతుంది. మీ గోళీకి అంతకన్నా ఎంత ఎక్కువ కావలసి వచ్చింది? ఆ తేడాయే రాపిడి వసూలు చేసిన సుంకం!