పగడపు దిబ్బలలో నాలుగు దినములు

మన తడకు తూర్పున పులికాటు సరస్సును, దాని కావల శ్రీహరికోట దీవియు, ఆ దీవి కావల బంగాళాఖాతమును గలవని మన పాఠశాలలో ఆఱవ తరగతి బాలుడైనను చెప్పగలడు. ఆ సముద్రముపై సూటిగా తూర్పునకు పోయినయెడల మొదట తగులు నేల యేది యని యడిగినప్పుడు మాత్రము పెద్ద తరగతులవారు సైతము తడుముకొందురు. పటము విప్పి చూడుడు. తడ ఉత్తర అక్షాంశము ఇంచుమించు 13½ డిగ్రీలు. ఆ గీత వెంబడి సుమారు 1,400 కిలోమీటర్లు పోయినచో అండమాను దీవుల ఉత్తరపు కొన వచ్చును. ఇచటి సూర్యుడే అచటి సూర్యుడు. ఇచటి సముద్రమే అచటి సముద్రము. అయినను ఆ దీవుల చుట్టు పగడపు దిబ్బలు పెరిగినవి, మన తీరమున పెరుగలేదు. ఆ దిబ్బలను చూచుటకై నాలుగైదు దినముల ప్రయాణము పెట్టుకొని పోవు తెలుగు యువకులు నేడు గలరు. కావున ఆ దిబ్బ యెట్టిదియో, నీటిక్రింద మనుష్యుడు ఊపిరి పీల్చు విధమెట్టిదియో, అన్నింటికంటె ముఖ్యముగా, క్రిందికి పోయినవాడు క్షేమముగా పైకి వచ్చు విధమెట్టిదియో తెలుపుటకు ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

పగడమనగానే మనకు ఉంగరములోని యెఱ్ఱని పూస జ్ఞాపకము వచ్చును. అది వేఱు. నగలలోని యెఱ్ఱపగడము మధ్యధరా సముద్రము మొదలగు చోట్లనుండి వచ్చునది. అది దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టు పగడము ఒక చిన్న ప్రాణి. దానిని పాలిప్ అందురు. పెక్కుజాతులలో అది వడ్లగింజకంటె పెద్దది కాదు. మెత్తని సంచివంటి శరీరము, పైన నోరు, నోటిచుట్టు చిన్న చిన్న మీసములు. జెల్లిచేపకు దగ్గఱి చుట్టము. ఇది సముద్రజలమునుండి సున్నపు పదార్థమును తీసికొని తన క్రింద గిన్నెవంటి గూడు కట్టుకొనును. మన పెద్దలు బట్టీలలో కాల్చి గోడలకు పూసిన గుల్లసున్నపు గుల్ల యే పదార్థమో, ఆ గూడును అదే పదార్థము. తాత విడిచిన గూటిపై మనుమడు కట్టుచు రాగా, వేలయేండ్లకు ఓడలను బ్రద్దలు చేయగల గోడ లేచును. చార్లెస్ డార్విన్ 1842లో ప్రకటించిన గ్రంథమున వీనిని మూడు తెగలుగా చెప్పెను: ఒడ్డు నంటి పెరుగునవి, ఒడ్డునకు దూరముగా అడ్డుగోడవలె నిలుచునవి, నడుమ మడుగు విడిచి వలయముగా నుండునవి. అండమానులందు మొదటి తెగ విస్తారము. లక్షద్వీపములు మూడవ తెగకు చెందినవి.

ఇంత కట్టడమునకు వలయు ఆహారము ఆ ప్రాణికి వేటవలన మాత్రమే లభింపదు. దాని శరీరములోనే కంటికి కనబడనంత చిన్నదైన యొక జాతి నాచు కాపురముండును. అది యెండను గ్రహించి ఆహారము వండి యింటి యజమానికి పెట్టును. అందుకు బదులు ఇల్లును ఎరువును పొందును. దిబ్బకు ముఖ్యముగా రంగు నిచ్చునదియు ఈ నాచే. నాచునకు ఎండ కావలెను. ఎండ లోనికి దిగుటకు నీరు తేటగా నుండవలెను. మన కోస్తాలో పెన్న, కృష్ణ, గోదావరులు ఏటేట ఒండ్రును తెచ్చి సముద్రమున విడుచును. పులికాటులోనికి కాళంగియు ఆరణియు వానకాలమున మంచినీటిని, మట్టిని దెచ్చును. అడుగున ఇసుకయు బురదయు గాని పగడము కాలూనుటకు గట్టిరాయి లేదు. రొయ్యకును, పీతకును, చలికాలమున వచ్చు ఫ్లెమింగో పక్షులకును ఆ నీరు పాలసముద్రము, పగడమునకు గాదు.

అండమానులకు పోవువారు చెన్నపట్టణమునుండి గాని విశాఖపట్టణమునుండి గాని ఓడ నెక్కుదురు. ఓడప్రయాణము ఇంచుమించు మూడు దినములు. విమానమున కొన్ని గంటలే. దిగు రేవు పోర్టుబ్లెయరు. 2024లో దానికి శ్రీవిజయపురమని పేరు మార్చిరి. అచ్చట తెలుగుమాట వినబడినచో ఆశ్చర్యపడ నక్కఱలేదు. శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి పోయిన జాలరి కుటుంబములు అచట స్థిరపడియున్నవి. 2011 జనాభా లెక్కలలో ఆ దీవుల ప్రజలలో నూటికి పండ్రెండుమందికి పైగా తెలుగును మాతృభాషగా వ్రాయించిరి. అచటినుండి మఱియొక చిన్న ఓడలో హావ్‌లాక్ దీవికి, అనగా 2018 మొదలు స్వరాజ్ ద్వీప్ అనబడుచున్న దీవికి చేరవలెను. నీట మునుగు విద్య నేర్పువారు అచట పెక్కురు గలరు.

సామాన్యముగా ఈ శిక్షణము మూడు నాలుగు దినములు జరుగును. పదియేండ్లు నిండినవారిని చేర్చుకొందురు. చేరగోరువాడు 200 మీటర్లు ఈదవలెను. 10 నిమిషములు ఏ యాధారమును లేక తేలియుండవలెను. ఉబ్బసము, గుండెజబ్బు, చెవిపోటు గలవారు వైద్యుని యనుమతి లేనిదే దిగరాదు. జలుబుతో దిగుటయు తగదు, ముక్కు బిగిసిన వానికి చెవిలోని పీడనము సరిపడదు. ఈ సంగతులు ముందుగా అడుగక రుసుము పుచ్చుకొని నీటిలోనికి దింపువారిని తల్లిదండ్రులు నమ్మరాదని నా యభిప్రాయము.

పూర్వము తూత్తుకుడి ప్రాంతమున ముత్యపుచిప్పలకై దిగిన గజఈతగాండ్రు రాయి కట్టిన త్రాడు పట్టుకొని, గుక్కబట్టి, చేతికందినవి తీసికొని వెంటనే పైకి వచ్చువారు. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో అను నౌకాదళోద్యోగియు, ఎమీల్ గాన్యాన్ అను ఇంజనీరును కలసి, వీపున మోయు సిలిండరులోని గాలిని పీల్చినప్పుడు మాత్రమే, చుట్టునున్న నీటి పీడనమునకు సరిపోవునట్లు, నోటికందించు సాధనమును నిర్మించిరి. నేటి స్కూబా పరికరమునకు అదియే మూలము. సిలిండరులో నుండునది శుద్ధమైన ప్రాణవాయువని పలువు రనుకొందురు. కాదు, మనము పీల్చు సామాన్యమైన గాలియే. 11 లీటర్ల సిలిండరులో 200 రెట్ల పీడనమున నింపినచో సుమారు 2,200 లీటర్ల గాలి పట్టును. నిమిషమునకు 20 లీటర్లు పీల్చువానికి అది నేలమీద 110 నిమిషములు వచ్చును. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణపు బరువు హెచ్చును గనుక, 10 మీటర్ల లోతున అది 55 నిమిషములే. 20 మీటర్ల లోతున 36 నిమిషములే. అందులో నాలుగవవంతు మిగిలియుండగనే పైకి చేరవలెను.

మొదటి దినమున నడుములోతు నీటిలోనే పాఠము. కంటియద్దములోనికి వచ్చిన నీటిని ముక్కుతో ఊది వెడలగొట్టుట, నోటినుండి జాఱిన గొట్టమును వెదకి పట్టుకొనుట, స్నేహితునితో ఒకే సిలిండరును పంచుకొనుట నేర్పుదురు. అన్నిటికంటె ముందు నేర్పునది, ఊపిరి బిగబట్టకూడదనునదే. భౌతికశాస్త్రమున చదివిన బాయిలు సూత్రము ఇచ్చట ప్రాణములకు సంబంధించిన విషయమగును. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చునప్పటికి రెండింతలగును. దారి మూసినచో ఆ గాలి ఊపిరితిత్తులను చీల్చును. ఇంతటి యపాయమునకు నూఱడుగుల లోతు అక్కఱలేదు. ఈతకొలను లోతే చాలును.

రెండవ యపాయము ఇంతకంటె నిగూఢమైనది. గాలిలో ఐదుపాళ్లకు ఇంచుమించు నాలుగుపాళ్లు నుండునది నత్రజని. నేలమీద అది వచ్చినట్లే పోవును. లోతున పీడనమువలన అది రక్తమునను, క్రొవ్వునను కరగి నిలుచును. గోలీసోడా చూడుడు. సీసా మూసియున్నంతకాలము నీరు నిశ్చలముగా నుండును. గోలీ నొక్కగానే బుస్సున పొంగును. తొందరగా పైకి వచ్చినవాని రక్తమును అట్లే బుడగలు కట్టును. కీళ్లనొప్పులు, తిమ్మిరి, ఒక్కొక్కప్పుడు పక్షవాతము, మరణము సంభవించును. న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెనకు నీటిక్రింద పునాదులు వేయునప్పుడు ఎందఱో కూలీలు ఈ వ్యాధివలన బాధపడిరి. ప్రధాన ఇంజనీరగు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో దీనివలననే మంచము పట్టెను; ఆయన భార్య ఎమిలీ ఆయన యాజ్ఞలను పనివారికి చేర్చుచు రాగా 1883లో వంతెన తెఱవబడెను. తరువాత స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేను మేకలను పీడనపు గదులలో నుంచి పరీక్షించి, ఎంత లోతునుండి ఎంత మెల్లగా రావలెనో పట్టికలుగా 1908లో ప్రకటించెను. నేడు చేతికి కట్టుకొను చిన్న కంప్యూటరు ఆ లెక్కను తానే వేయును. నిమిషమునకు 9 మీటర్లకు మించి పైకి రారాదు. 5 మీటర్ల లోతున మూడు నిమిషములు నిలువవలెను. దిగుటకు ధైర్యము చాలును. విద్య అంతయు పైకి వచ్చుటలో నున్నది.

పలుదినముల మునకలలో మఱియొక చిక్కు గలదు. ఉదయపు మునకలో చేరిన నత్రజని మధ్యాహ్నమునకు పూర్తిగా పోదు. రెండవసారి దిగువాడు పాతబాకీతో దిగువాడే. అందుచేత మొదట లోతు, పిమ్మట తక్కువలోతు అని క్రమము పెట్టుకొందురు. మొదటిసారి నేర్చువారికి 18 మీటర్లు హద్దు; ఎంత నేర్చినను వినోదమునకై దిగువారు 40 మీటర్లు దాటరాదు.

ఇక చూపులకు వత్తము. దిగుచున్నకొలది ముందుగా ఎఱుపు మాయమగును, పిమ్మట నారింజ, పసుపు. 20 మీటర్ల లోతున వ్రేలు తెగినచో రక్తము నల్లగా, ఆకుపచ్చగా కనబడును. మాట లేదు, సైగలే. బొటనవ్రేలు పైకెత్తుట బాగున్నదనుటకు గాదు, పైకి పోవుదమనుటకు. ఈ యొక్క పొరపాటు వలన క్రొత్తవారిని గురువులు పదే పదే పైకి తీసికొని రావలసి వచ్చునట! దుప్పికొమ్ములవంటి పగడములు, మెదడువంటి పగడములు, విసనకఱ్ఱలవంటివి. వాని సందులలో చారల చేపలు. చిలుకముక్కు గల చేప పగడపు రాతిని కొఱికి నాచు తినుచుండును. ఆ కొఱుకు చప్పుడు స్పష్టముగా వినబడును. అది విసర్జించు పొడియే ఆ తీరములందలి తెల్లని ఇసుకలో కొంతభాగము. కుట్టు మీసముల పువ్వువంటి సముద్రప్రాణి నడుమ నారింజవన్నె కోమాళిచేప నిర్భయముగా ఇల్లు కట్టుకొనియుండును.

అయితే రంగులు అన్నిచోట్ల ఉండవు. వేసవిలో నీటి వేడిమి అలవాటుకంటె ఒక డిగ్రీ హెచ్చి కొన్నివారములు నిలిచినచో పగడము తనలోని నాచును వెడలగొట్టును. గూడు ఎముకవలె తెల్లబాఱును. నీరు త్వరగా చల్లబడినచో కోలుకొనును. లేనిచో ఆకలితో చచ్చును. 1998, 2010, 2016 సంవత్సరములలో అండమానులందు ఇట్లు జరిగినది. ప్రపంచమంతట ఇట్టి నాలుగవ తెల్లబాటు జరుగుచున్నదని శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిలునందు ప్రకటించిరి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపమున ఉత్తరాండమానున కొన్ని దిబ్బలు నీటినుండి పైకి లేచి యెండకు మాడిపోయినవి; దక్షిణమున నికోబారు తీరము క్రుంగినది. ఇన్నింటిని తట్టుకొని నిలిచిన కొమ్మను మన కాలితొడుగు ఒక్క తన్నున విఱుచును. కొన్ని కొమ్మల పగడములు బాగుగ పెరుగుచోట ఏటికి పది సెంటీమీటర్లు పెరుగవచ్చును గాని, బండవంటివి ఏటికి ఒక సెంటీమీటరే. విఱిగిన ముక్కను జ్ఞాపికగా తెచ్చుటయు నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దిబ్బలు కట్టు పగడములకును వర్తించును.

నాలుగవ దినమున దిగరాదు. విమానములో పీడనము నేలమీదికంటె తక్కువ గనుక, శరీరమున మిగిలిన నత్రజని అచ్చట బుడగలు కట్టవచ్చును. పలుదినములు మునిగినవారు కడపటి మునక తరువాత 18 గంటలైనను ఆగి విమాన మెక్కవలెను. ఓడలో వచ్చువారికి ఈ నిర్బంధము లేదు. అయితే సముద్రతీరమున దిగినవారు ఇదే నియమమును కొండలకును వర్తింపజేసికొనవలెను. విశాఖ దగ్గఱ ఋషికొండలో ఉదయము మునిగి, సాయంకాలము సుమారు 900 మీటర్ల యెత్తున నున్న అరకునకు ఘాటుదారిన పోవుదమని తలచువారు ఆ ప్రయాణమును మఱునాటికి మార్చుకొందురుగాక.