మన ఊరి సమాచారం ముందు మన ఊరికి అందాలి

2025 ఆగస్టు నెలాఖరులో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వాన మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి కురిసింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి. రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఎల్లారెడ్డికి దగ్గరలోని పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పొంగింది. అలాంటి రాత్రి దుబాయిలో కూలికి పోయిన కొడుకు ఫోన్ తీసి ఏం వెతుకుతాడు? మావాళ్లను ఎక్కడికి చేర్చారు, అన్నం ఎవరు పెడుతున్నారు, ఎవరికి ఫోన్ చెయ్యాలి అనే కదా! వీటికి జవాబు తరచుగా ఆ ఊళ్లలోనే పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థల దగ్గర ఉంటుంది. కాని అలాంటి చాలా సంస్థల వెబ్‌సైట్ తెరిస్తే కనిపించేది ఎప్పటిదో ప్రారంభోత్సవం ఫొటో, ఇంగ్లీషులో నాలుగు పేరాల ఆశయాలు.

ఈ అలవాటు పాతదే. ఇదే నిజామాబాద్ ప్రాంతంలో డిచ్‌పల్లి దగ్గర ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు నూరేళ్ల కిందట కుష్ఠు రోగులకు ఆసుపత్రి కట్టారు. వారి సేవను తక్కువ చేయలేం. అయితే ఆ కాలపు మిషన్ నివేదికలు ఇంగ్లీషులో సముద్రం దాటి వెళ్లేవి, చందాలిచ్చేవారు అక్కడ ఉన్నారు గనుక. ఎవరి గురించి రాశారో వారు చదివే వీలు లేదు. అప్పుడు అచ్చుకు, తపాలాకు ఖర్చయ్యేది, సరే. ఇప్పుడు ఆ ఖర్చు పెద్దగా లేదు. అయినా మన సంస్థలు దాత చదవడానికే రాస్తున్నాయి. అందుకే కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల సంస్థల సిబ్బందికి వెబ్‌లో సమాచారం పెట్టడంలో శిక్షణ ఇవ్వాలనుకునేవారికి మేము చెప్పేది ఒకటే: చదివేది ఎవరో ముందు తేల్చుకోండి, మీట ఎక్కడ నొక్కాలో తరవాత నేర్పవచ్చు.

చదివేది ఎల్లారెడ్డి మనిషి అనుకుంటే రాత తెలుగులో ఉండాలి. అక్కడ అసలు చిక్కు వస్తుంది. మన పాత నివేదికలు, కరపత్రాలు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించినవి. కాగితం మీద ముచ్చటగా ఉంటాయి. అదే ఫైలులోంచి ఒక వాక్యం తీసి ఫోన్‌లో పెట్టండి, పిచ్చిగీతలు వస్తాయి. కారణం ఇది: ఆ ఫాంటులో 'క' అని మనకు కనబడే చోట కంప్యూటర్ దాచుకున్నది ఏదో ఇంగ్లీషు గుర్తు, దాని మీద తెలుగు బొమ్మ తొడిగారంతే. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంఖ్య ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలై ఇవాళ మన ఊళ్ల పేర్లు తెలుగులో వెతికితే దొరుకుతున్నాయంటే దాని చలవే. కరపత్రాన్ని ఫొటో తీసి పెట్టినా ఇదే తంటా. చూడటానికి ఉంటుంది, వెతికితే దొరకదు. టైపింగ్ రాదని జంకే పనివారికి ఫోన్‌లో మాట్లాడి తెలుగు అక్షరాలు రప్పించడం ఒక్క పూటలో చూపించవచ్చు. తప్పులు వస్తాయి, దిద్దుకోవాలి.

చదువు అంతగా లేనివారికి ఇవన్నీ ఎలా వస్తాయి అనేవారు పక్కనే ఉన్న జహీరాబాద్ వైపు చూడాలి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి దళిత మహిళా రైతులకు కెమెరా పట్టడం నేర్పింది. 2008 అక్టోబర్ 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైతే దాన్ని నడిపిందీ ఆ మహిళలే. విత్తనాల ముచ్చట్లు, వంటలు, పాటలు, అన్నీ వారి యాసలోనే. గాంధారి, ఎల్లారెడ్డి వైపు తండాలకు ఈ దారి మరీ అవసరం. లంబాడీ మాటకు సొంత లిపి లేదు. రెండు నిమిషాల గొంతు రికార్డు అక్కడ రెండు పేజీల రాత కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇక పెట్టకూడనివి. ఈ విషయంలో మన సంస్థలు, ముఖ్యంగా హాస్టళ్లు నడిపేవి, చాలా అజాగ్రత్తగా ఉన్నాయని చెప్పక తప్పదు. తల్లిదండ్రులు లేని పాప ఫొటో, పేరు, ఊరు, ఆమె కన్నీటి కథ, కింద బ్యాంకు ఖాతా నంబరు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షను నిషేధించింది; ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాల గోప్యతకు 2017లో వేరే చట్టమే వచ్చింది. చట్టం మాట అటుంచితే, ఆ పాపకు ఇరవై ఏళ్లు వచ్చాక పెళ్లిచూపులకు వచ్చినవారు ఆమె పేరు వెతికితే ఏం దొరుకుతుంది? శిక్షణలో సగం రోజు దీనికే ఇచ్చినా మేము ఎక్కువని అనం. పెద్దవారి విషయంలోనూ వేలిముద్ర తీసుకుంటే సరిపోదు. ఫొటో ఎక్కడికి పోతుందో వారి ఫోన్‌లోనే చూపించి అడగాలి.

లెక్కల గురించి క్లుప్తంగా. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలు ఆడిట్ అయిన లెక్కలను ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లో తమ వెబ్‌సైట్‌లో గాని, ప్రభుత్వం సూచించిన చోట గాని పెట్టాలని నిబంధన. ప్రభుత్వ నిధులే ప్రధాన ఆధారమైన సంస్థలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 2019 సెప్టెంబరులో తేల్చింది. ఆడిటర్ కాగితం ఎలాగూ ఉంటుంది. దాని పక్కన 'ఈ ఏడు మన మండలంలో ఇంత ఖర్చు పెట్టాం, ఇందుకు' అని తెలుగులో పది వరుసలు రాస్తే చాలు.

మేము చూసిన ఒక సంస్థలో వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రవాడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. పాస్‌వర్డ్ అతనితోనే పోయింది. డొమైన్ రుసుము ఎవరూ కట్టలేదు. ఏడాది తిరిగేసరికి ఆ పేరు మీద ఇంకెవరిదో దుకాణం వెలిసింది. కాబట్టి డొమైన్ సంస్థ పేరిటే ఉండాలి, తాళం కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి.

శిక్షణ కామారెడ్డిలోనే పెట్టి ఊరుకోవద్దు. అక్కడికి రైలుంది, హైవే ఉంది. తండాలో పనిచేసే అక్క మాత్రం పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలి. ఎల్లారెడ్డిలోనూ ఒక రోజు పెట్టండి. మొదటి అభ్యాసంగా వచ్చే నెల కంటి శిబిరం గురించి అర పేజీ రాయించండి: ఎక్కడ, ఎన్నడు, ఏ కాగితాలు తేవాలి, డబ్బు పడుతుందా, ఎవరిని అడగాలి, ఇది రాసిన తేదీ ఏది. రాసింది అక్కడే పేజీలో పెట్టించి, బీడీలు చుట్టే ఒక అమ్మకు ఫోన్ ఇచ్చి వెతకమనండి. చదవలేకపోతే వినిపించండి. ఆమెకు అర్థం కాని వాక్యం కొట్టేసి మళ్లీ రాయించండి.