సమాచార హక్కు: దరఖాస్తులో ఏమి వ్రాయాలి?

రైతు సోదరులు, డీలర్లు సమాచార హక్కు చట్టం క్రింద పంపే దరఖాస్తులు చాలావరకు "ఎందుకు" అనే ప్రశ్నతోనే ఉంటున్నవి. "నా రుణం ఎందుకు మంజూరు చేయలేదు?", "మా గ్రామానికి బీమా పరిహారం ఎందుకు రాలేదు?" అడిగేవారి ఆవేదన న్యాయమైనదే. అయినను తరచు వచ్చే జవాబు ఒక్కటే: "ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు."

ఆ జవాబుకు చట్టంలో ఆధారం కలదు. 2005 అక్టోబరు 12 నుండి అమలులో ఉన్న ఈ చట్టం, కార్యాలయంలో అప్పటికే ఉన్న రికార్డును చూచే హక్కును, దాని ధ్రువీకృత నకలు పొందే హక్కును ఇచ్చినది. అధికారి చేత కొత్తగా సంజాయిషీ వ్రాయించుకొనే హక్కును ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక వ్యాజ్యంలో, న్యాయాధికారి తన పత్రాలను ఎందుకు పరిశీలించలేదో తెలుపవలెనని కోరిన కక్షిదారునికి 2010లో సుప్రీం కోర్టు ఇదే చెప్పినది. 2011లో మాత్రం, విద్యార్థికి తన జవాబు పత్రాన్ని చూచే హక్కు కలదని అదే కోర్టు తీర్పు ఇచ్చినది. జవాబు పత్రం అప్పటికే బోర్డు వద్ద ఉన్న కాగితం కదా!

కనుక ప్రశ్నను కాగితంగా మార్చుకోవాలి. "ఫలానా తేదీన నేనిచ్చిన రుణ దరఖాస్తుపై శాఖలో వ్రాసిన పరిశీలన నివేదిక, తిరస్కరణ ఉత్తర్వు నకళ్ళు ఇప్పించగలరు" అని వ్రాయండి. పంటల బీమా విషయంలో ప్రీమియం మినహాయించిన తేదీ, పోర్టలులో మీ పేరిట నమోదు చేసిన పంట, సర్వే నంబరు వివరాలు బ్యాంకును అడగవచ్చు. పంట కోత ప్రయోగాల ఫలితాలు ప్రభుత్వ శాఖ వద్ద ఉంటాయి. రాయితీ బకాయి కోసం తిరుగుతున్న పరికరాల డీలరు తన బిల్లు అందిన తేదీని, ఫైలుపై అధికారులు వ్రాసిన నోట్సు నకలును కోరాలి. ఈ నోట్సును అడగడం చాలామంది మరచిపోతారు. అసలు కారణం తరచు అక్కడే ఉంటుంది. ఈ వ్యాసకర్త బల్లకు అటువైపు కూర్చునేవాడే. కాగితం పేరు సూటిగా వ్రాసిన దరఖాస్తును ప్రక్కకు నెట్టడం కష్టమని చెప్పగలడు.

కోరుటకు కారణం తెలుపనక్కరలేదు. ప్రభుత్వ రంగ బ్యాంకులకు రుసుము 10 రూపాయలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రాష్ట్ర ప్రభుత్వ మండల స్థాయి కార్యాలయాలకు 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఎక్కడా రుసుము లేదు. వ్రాయలేనివారు నోటితో చెప్పినచో వ్రాసుకొనుటకు తోడ్పడవలసిన బాధ్యత అధికారిదే. పొరబాటున వేరొక కార్యాలయానికి పంపినా, 5 రోజులలో వారే సరైన చోటికి బదిలీ చేయాలి.

పొరుగువారి రుణ ఖాతా వివరాలు కోరవద్దు, ఇవ్వరు. సహకార సంఘమైనంత మాత్రాన చట్టం వర్తించదని సుప్రీం కోర్టు 2013లో తేల్చినది. అయితే చట్టరీత్యా రిజిస్ట్రారుకు అందుబాటులో ఉండే సంఘ సమాచారాన్ని ఆయన ద్వారా కోరవచ్చు.

జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, తృప్తికరంగా లేకపోయినా 30 రోజులలో అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆపై 90 రోజులలో సమాచార కమిషనుకు రెండవ అప్పీలు చేసుకోవచ్చు. సరైన కారణం లేని జాప్యానికి కమిషను రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు అధికారికి జరిమానా విధించగలదు. దరఖాస్తు ఇచ్చినప్పుడు తేదీ ముద్రతో రసీదు తీసుకోండి. గడువు తప్పినదని అప్పీలులో చూపవలసిన కాగితం అదే.