పనేమీ లేకుండా నలభై కిలోమీటర్లు

నెదర్లాండ్స్ అంటే బల్లపరుపు దేశమని చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో చదువుకున్నాం. సముద్రం కన్నా పల్లంగా ఉన్న నేల, గట్లు, గాలిమరలు, తులిప్ పూలు... అంతే కదా! కానీ ఆ దేశానికి తూర్పువైపున వేలువె అనే ప్రాంతం ఉంది. అక్కడ నేల మెల్లగా లేస్తుంది, మెల్లగా వాలుతుంది. ఆరేసిన దుప్పటి కిందికి గాలి దూరినట్టుంటుంది. ఆ ఎత్తుపల్లాల మధ్య మట్టిదారుల్లో, ఇసకదారుల్లో సైకిల్ తొక్కడం ఇప్పుడక్కడ పెద్ద సరదా. దానికి గ్రావెల్ బైకింగ్ అని పేరు.

గ్రావెల్ అన్న మాట మనకి కొత్తేం కాదు. తారు వెయ్యడానికి డబ్బుల్లేనప్పుడు పంచాయతీ వాళ్లు పోసి, చదును చేసి వెళ్లిపోయేది గ్రావెల్ రోడ్డే. దానిమీద తారు ఎప్పుడు పడుతుందా అని మనం ఎదురుచూస్తాం. అలాంటి దారిని పనిగట్టుకుని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లుంటారంటే ముందు నాకూ నవ్వొచ్చింది.

2024 ఆగస్టులో ఆర్నెమ్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గర ఆరు వారాలున్నాను. చెల్లెలికి పెళ్లయ్యేదాకా సైకిల్ రాదు. నేను నేర్చుకున్నాను గానీ తను నేర్చుకునే వయసొచ్చేసరికి మా ఇంట్లో ‘ఆడపిల్లకి సైకిలెందుకు, బస్సుంది కదా’ అన్న మాట వచ్చేసింది. ఆ దేశం వెళ్లాక, ముప్పై ఒకటో ఏట, ఇంటి దగ్గరి కమ్యూనిటీ హాల్లో నేర్చుకుంది. బయటి దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్లకి సైకిల్ నేర్పే క్లాసులు అక్కడ చాలా ఊళ్లలో ఉంటాయి. తన క్లాసులో సిరియా ఆవిడ, మొరాకో ఆవిడ, టర్కీ నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ. మొదటి రెండు వారాలూ పెడళ్లే లేవుట. సీటు కిందికి దించి, కాళ్లతో నేలని తన్నుకుంటూ వెళ్లడమే. అలా మొదలుపెట్టిన మనిషి ఇప్పుడు గ్రావెల్ సైకిల్ కొనుక్కుంది, అదీ సెకండ్‌హ్యాండ్‌లో. కొత్తదైతే వెయ్యి యూరోలు దాటిపోతుంది మరి.

ఆ సైకిల్ చూడ్డానికి రేసు సైకిల్‌లా ఉంటుంది. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. తేడా అంతా టైర్లలో ఉంది. నలభై మిల్లీమీటర్లో, అంతకంటే ఎక్కువో వెడల్పుంటాయి. గాలి కూడా గట్టిగా కొట్టరు. మెత్తటి టైరు రాళ్లమీద అదరకుండా, ఇసకలో దిగబడకుండా పోతుంది. చాలామంది లోపల ట్యూబు కూడా పెట్టుకోరు. టైర్లో ఒక ద్రవం పోస్తారు, ముల్లు గుచ్చుకుంటే ఆ కన్నాన్ని అదే పూడుస్తుంది. చిన్న గేర్లుంటాయి కాబట్టి ఎత్తు వచ్చినప్పుడు దిగి నడవక్కర్లేదు, మోకాళ్లు అరగదీసుకోనక్కర్లేదు. ఇందులో పోటీలూ ఉన్నాయి. మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 2022లో ఇటలీలో జరిగింది. నేను తిరిగొచ్చిన తర్వాత, 2024 అక్టోబరులో బెల్జియంలో జరిగిన పోటీలో ఆడవాళ్ల విభాగం గెల్చింది నెదర్లాండ్స్‌కే చెందిన మరియానె వోస్. అప్పటికి ఆవిడకి ముప్పై ఏడేళ్లు. ఆ వార్త చెల్లెలు ఫోన్ చేసి మరీ చెప్పింది, మన వయసేనక్కా అని.

మేం వెళ్లింది పోటీకి కాదు లెండి. ఒక శనివారం పాపని మా మరిదికి అప్పగించి, పులిహోర డబ్బా కట్టుకుని, పొద్దున్నే ఆర్నెమ్ నుంచి బయల్దేరాం. నాకు పక్కింటావిడ తన సైకిలిచ్చింది. జుట్ఫెన్ అనే పాత ఊరు మా గమ్యం. మలుపులన్నీ కలుపుకుని నలభై కిలోమీటర్లకి అటూఇటూ. ‘అటునుంచి ఇటు ఎందుకు రాకూడదు?’ అని అడిగాను. అక్కడ గాలి ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది. ఆర్నెమ్ నుంచి జుట్ఫెన్ ఈశాన్యంగా ఉంటుంది. అంటే గాలి మన వీపుని తోస్తుంది. కొండల్లేని దేశంలో ఎదురుగాలే కొండ. ఈ చిన్న లెక్క తెలీకపోతే నలభై కిలోమీటర్లు అరవైలా అనిపిస్తాయి.

మొదట అడవి, తర్వాత ఎత్తు. పోస్‌బ్యాంక్ అని అక్కడ ప్రసిద్ధమైన గుట్ట ఉంది, సుమారు తొంభై మీటర్లు. మనూళ్లో అయితే దానికి పేరు కూడా పెట్టరు. బ్యాంక్ అంటే వాళ్ల భాషలో బెంచీ. 1883లో సైకిళ్లవాళ్ల సంఘంగా పుట్టిన ఏఎన్‌డబ్ల్యూబీకి పోస్ అనే ఆయన అధ్యక్షుడిగా ఉండేవాడు. ఆయన పేరు మీద అక్కడొక బెంచీ వేశారు. ఆ బెంచీ పేరే గుట్టకి వచ్చింది. ఈ గుట్టల్ని చేసింది మంచు. సుమారు లక్షా యాభై వేల ఏళ్ల కిందట ఉత్తరం నుంచి వచ్చిన మంచుగడ్డలు నేలని తోసుకొచ్చి కుప్పపోశాయి. అందుకే ఎక్కడా నిటారుగా ఉండదు.

గుట్ట మీదికి చేరగానే ఎదురుగా హీత్. ఈ మాటకి తెలుగులో ఏమనాలో తోచలేదు. ఊరి బయట తంగేడు పొదలు పెరిగిన బంజరు ఉంటుందే, అలాంటిది. కాకపోతే ఇక్కడి పొద మోకాలెత్తుకి మించదు, పూలు పసుపు కాదు, లేత ఊదా. ఆగస్టులో, సెప్టెంబరు మొదట్లో ఆ పొదలన్నీ ఒక్కసారి పూస్తాయి. కనుచూపు మేర వంకాయరంగు చీర పరిచినట్టు ఉంటుంది. మధ్యలో తెల్లటి ఇసకదారి. తేనెటీగల రొద తప్ప చప్పుడుండదు.

ఇదంతా ప్రకృతి ఇచ్చిందే అనుకుంటాం. కాదు, గొర్రెలు చేసినది. వెనకటి రోజుల్లో ఇక్కడి ఇసకనేలలో పంట పండేది కాదు. మన రాయలసీమలో పొలంలో మందని పడుకోబెట్టి ఎరువు చేసుకున్నట్టే, వాళ్లూ గొర్రెల్ని నమ్ముకున్నారు. పగలంతా మంద ఈ పొదల్ని మేసేది. రాత్రి కొట్టంలో పడుకునేది. పొదల్ని వేళ్లతో సహా పెళ్లగించి కొట్టంలో పరిచేవాళ్లు, పేడతో కలిసి అది ఎరువయ్యేది. ఆ ఎరువుతో రై ధాన్యం పండించుకునేవాళ్లు. అలా వందల ఏళ్లు చెట్టు మొలవనివ్వకుండా మేపితే మిగిలింది ఈ హీత్. కొన్నిచోట్ల మరీ ఎక్కువ మేపేసి నేల ఇసక ఎడారైపోయింది కూడా. రసాయన ఎరువులొచ్చాక మందల అవసరం తీరిపోయింది. మంద లేకపోతే నాలుగేళ్లలో బర్చి, పైన్ మొక్కలు లేచి హీత్‌ని మింగేస్తాయి. అందుకని ఇప్పుడు పూల కోసం గొర్రెల్ని మేపుతున్నారు. రేడెన్ దగ్గర ఇప్పటికీ మంద, కాపరి, కొట్టం ఉన్నాయి. పొడవాటి జుట్టున్న స్కాట్లండ్ ఆవుల్ని కూడా వదిలారు. అవి దారికి అడ్డంగా నిలబడితే మనమే దిగి, దూరంగా చుట్టూ తిరిగి వెళ్లాలి.

మరో బెడద పైనుంచి వస్తోంది. పాడి పశువుల పేడ నుంచి లేచే అమోనియా, వాహనాల పొగ కలిసి నేలమీద నత్రజని పేరుకుంటోంది. బలహీనమైన నేలలో బతకడం అలవాటైన పొదకి ఈ పుష్టి సరిపడదు. గడ్డి బలిసి దాన్ని తొక్కేస్తుంది. ఈ నత్రజని గొడవ మీదే 2019లో అక్కడి రైతులు ట్రాక్టర్లేసుకుని హేగ్ నగరం మీదికి వెళ్లారు. పశువుల్ని తగ్గించమంటే ఏ రైతుకైనా కడుపు మండదూ! ఆ పూల అందం చూస్తున్నంత సేపూ ఆ రైతు ఇల్లాళ్ల గురించి కూడా ఆలోచన వచ్చింది నాకు.

గుట్ట దిగితే డీరెన్. అక్కడ ఐసెల్ నది. రైన్ నదికి కొమ్మ ఇది, నిదానంగా మెలికలు తిరుగుతూ పోతుంది. దాటడానికి వంతెన వెతుక్కోనక్కర్లేదు. గోదావరి జిల్లాల వాళ్లకి పంటు తెలుసు కదా, అలాంటి పంటే. కార్లు, సైకిళ్లు, మనుషులు అన్నీ ఎక్కేస్తాయి. అవతలి ఒడ్డున కొంతదూరం వెళితే బ్రోంక్‌హోర్స్ట్. 1482లో నగరం హోదా పొందిన ఊరు. ఇప్పుడక్కడ ఉన్నది ఇన్నూరు మంది కూడా కాదు. మా అగ్రహారం వీధిలో అంతకన్నా ఎక్కువ మందిమి ఉండేవాళ్లం! అక్కడ చెట్టు కింద పులిహోర తిని, మళ్లీ పంటెక్కి ఇవతలికి వచ్చాం.

ఇక గట్టు మీద ప్రయాణం. ఒకవైపు నది, రెండోవైపు పల్లంలో పచ్చిక, ఆవులు. 1995లో ఈ దేశపు నదులకి వరదొచ్చినప్పుడు సుమారు రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ తర్వాత గట్టు ఎత్తు పెంచుతూ పోయే పద్ధతి ఒక్కటే చాలదని, కొన్నిచోట్ల గట్టునే వెనక్కి జరిపి నదికి చోటిచ్చారు. బ్రుమెన్, జుట్ఫెన్ ఊళ్ల మధ్య మేం వెళ్లిన దారి అలాంటి చోటు నుంచే పోతుంది.

సాయంత్రం మా అమ్మ ఫోన్ చేసింది. నలభై కిలోమీటర్లు వెళ్లామంటే మొదటి ప్రశ్న, ‘ఏం పని మీద వెళ్లారే?’ అని. చెల్లెలు, ‘పనేం లేదమ్మా, ఊరికే’ అంది. అటువైపు కాసేపు మాట లేదు. అమ్మ గుడికి వెళ్లినా వచ్చేటప్పుడు కూరలు తెస్తుంది. చుట్టాలింటికి వెళ్లినా పచ్చడి జాడీ చేతిలో ఉంటుంది. పని లేకుండా ఇల్లు కదలడం ఆవిడ ఎరగదు. ‘మరి పాపకి అన్నం?’ అంది చివరికి. పెట్టేశాడని మా మరిది వెనకనుంచి అరిచాడు.

నలభై కిలోమీటర్లు వద్దనుకునేవాళ్లకి అదే ప్రాంతంలో హోగె వేలువె జాతీయ పార్కు ఉంది. టికెట్ కొని లోపలికెళితే తెల్ల సైకిళ్లు ఉంటాయి, అద్దె లేదు, తాళం లేదు. ఒక దాన్ని తీసుకుని తొక్కడమే. వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది, ఆ సంగతి ముందే గుర్తుపెట్టుకోండి. లోపల ఒక మ్యూజియం ఉంది. హెలెనె క్రోలర్-ముల్లర్ అనే ఇల్లాలు భర్త వ్యాపారం డబ్బుతో వాన్‌గో బొమ్మల్ని, ఇంకా ఆయన్ని పట్టించుకునేవాళ్లు తక్కువగా ఉన్న రోజుల్లోనే కొంది. దాదాపు తొంభై చిత్రాలు. భర్తకి వేటంటే ఇష్టం, అడవి కొన్నాడు. తర్వాత వ్యాపారం దెబ్బతింది. బొమ్మలు చెదిరిపోకూడదని 1935లో ప్రభుత్వానికి ఇచ్చేసి, మ్యూజియం కట్టమని షరతు పెట్టింది. 1938లో అది తెరిచారు. మరుసటేడే ఆవిడ పోయింది.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. దారి తప్పుతామన్న భయం వద్దు. కూడలి కూడలికి ఒక అంకె రాసిన బోర్డుంటుంది. వెళ్లాల్సిన అంకెల్ని వరసగా కిరాణా చీటీలా రాసి హ్యాండిల్‌కి అంటించుకుంటే చాలు. ఈ ఏర్పాటు బెల్జియంలో గనుల ఇంజనీరుగా పనిచేసిన హ్యూగో బోలెన్ ఆలోచన, 1990లలో మొదలైంది. ఈ బోర్డులు ఎక్కువగా మామూలు సైకిల్ దారులకే. మట్టిదారి మొదట్లో సైకిళ్లకి అనుమతి ఉందో లేదో చూసుకుని దిగాలి. చాలా అడవుల్లో పొద్దువాలాక ఉండకూడదు. చున్నీ వేసుకోకండి, గొలుసులో పడుతుంది. ఎండిన ఇసక కన్నా, ముందురోజు వాన పడి గట్టిపడిన ఇసకే తొక్కడానికి హాయి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, నడుం దగ్గర, చంకల్లో చూసుకోవాలి. ఆ పొదల్లో పిడుదులుంటాయి, లైమ్ అనే జబ్బు తెస్తాయి. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగెయ్యాలి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి వలయం కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అలిసిపోతే? ఆర్నెమ్ నుంచి జుట్ఫెన్ దాకా రైలు దారి పక్కనే ఉంది. రేడెన్, డీరెన్, బ్రుమెన్... ఎక్కడైనా ఎక్కెయ్యచ్చు. సైకిల్‌కి వేరే టికెట్ కొనాలి, రద్దీ వేళల్లో ఎక్కనివ్వరు. శనాదివారాలు, జూలై ఆగస్టు నెలలు అయితే ఆ బాధ లేదు. మేం మాత్రం జుట్ఫెన్ దాకా తొక్కాం. అక్కడి పెద్ద చర్చిలో పదహారో శతాబ్దపు గ్రంథాలయం ఉంది, పుస్తకాల్ని బల్లలకి గొలుసులతో కట్టేసి ఉంచారు. మేం చేరేసరికి అది మూసేశారు. చెల్లెలు స్టేషన్లో కాఫీ కొనిచ్చింది, ఆరున్నర రైలెక్కాం.